తడపకుండా కుట్టిన గుడ్డ

కొత్తగా వచ్చినట్టున్నావు.
చీటీ అంత గట్టిగా పట్టుకోకు బాబూ,
చెమటకి అక్షరాలు కలిసిపోతాయి.
మోకాలా?
వ్యాసర్పాడిలో బంతి తన్నే పిల్లలందరూ
ఏదో ఒక రోజు ఈ బెంచీ మీదికే వస్తారంటుంది కయల్విళి.
కయల్విళంటే లోపలున్న అమ్మాయి.
సన్నగా ఉందని మోసపోకు,
ఆ బొటనవేలు నా కత్తెర కంటే మొండిది.

నాది భుజం. కుడిది.
పెరంబూరు మార్కెట్టు వెనక, మెట్ల కింద,
ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను.
ఎంతమంది చంకల చుట్టూ టేపు తిప్పానో,
పదిహేనున్నర, పదహారు, ముప్పావు వదులు.
ఒక పొద్దున నా జాకెట్టు వెనక హుక్కు
నాకే అందలేదు.

మొదటి రోజు పెద్దగా ఏమీ చెయ్యదు. అడుగుతుంది.
ఎప్పటినుంచి, ఏ పక్కకి తిరిగి పడుకుంటావు,
బిందె ఎత్తగలవా, దువ్వెన తల వెనక్కి పోతుందా.
నొప్పికి మార్కులు వెయ్యమంటుంది, సున్నా నుంచి పది.
నేను ఆరన్నాను,
ఎనిమిదంటే డబ్బులెక్కువ అడుగుతారేమోనని.
అట్లా చెయ్యకు. ఏడ్చినా నవ్వినా మూడొందల యాభయ్యే.

తర్వాత రెండు ప్లాస్టిక్ బద్దలు, మధ్యలో మేకు,
కీలు మీద ఆనించి చదువుతుంది.
అందరికీ కొలతలు తీసేదాన్ని,
నాకు తీస్తుంటే ఊపిరి బిగబట్టాను,
పెళ్లికూతుళ్లు నా ముందు పొట్ట లోపలికి లాక్కున్నట్టు.
"మూచ్చు విడుంగక్కా" అంది.
వదిలాను.
డెబ్బై అంది. నూట ఎనభై ఉండాలట.

కీలు చుట్టూ లోపల ఒక సంచి ఉంటుందట,
నాది ముడుచుకుపోయిందట.
వెంటనే అర్థమైంది నాకు.
తడపకుండా కుట్టిన నూలు గుడ్డ!
మొదటి ఉతుక్కే చంక పట్టేస్తుంది.
ఐతే కుట్టు విప్పి వదులు చెయ్యమ్మా అన్నాను.
నవ్వింది.
ఇందులో మడిచి దాచిన గుడ్డ ఉండదక్కా,
ఉన్నదాన్నే సాగదియ్యాలి, రోజూ,
చిరగకుండా.

నొప్పి ఉంటుంది. లేదనేవాళ్లని నమ్మకు.
కాపడం హాయిగా ఉంటుంది,
జిగురు రాసి తిప్పే మిషను చల్లగా,
అతికించే వైర్లు చీమలు పాకినట్టు.
ఇదే వైద్యమనుకుంటావు.
అది ఇస్త్రీకి ముందు నీళ్లు చిలకరించడం, అంతే.
అసలు పని ఆ గోడ దగ్గర.
వేళ్లతో మెట్లెక్కాలి, చీమంత చీమంత.
రెండో రాత్రి మొదటి రాత్రి కంటే అన్యాయం.
నాలుగో రోజు మానేశాను నేను.
ఐదో రోజు ఫోన్ చేసి తిట్టింది, మర్యాదగా, "మీరు" అంటూనే.

లాగే నొప్పిని లాగనివ్వు.
పొడిచే నొప్పి వస్తే ఆపి చెప్పు.
తేడా తెలుస్తుంది,
సూది గుడ్డలో దిగడానికీ వేల్లో దిగడానికీ ఉన్నంత.

ఇంట్లో చెయ్యమన్నవి చెయ్యి.
ఒకసారి చేశానని అబద్ధమాడాను.
చెయ్యెత్తమంది. ఎత్తాను.
ఇద్దరం ఆ చెయ్యి వైపు చూసి ఊరుకున్నాం.

దుకాణం గోడ మీద సుద్దతో గీతలు పెట్టుకున్నాను,
వేళ్లు ఎక్కడిదాకా పోయాయో.
ఒక వారం గీత కిందికొచ్చింది.
చెరిపేద్దామనుకున్నాను గానీ ఉంచాను.
ఇవాళ పదకొండోసారి.
ఫ్యాను స్విచ్చి అందుతోంది.
హుక్కు అందదు ఇంకా,
ముందు హుక్కులు పెట్టి కుట్టుకున్నాను,
సిగ్గేముంది.

అదిగో, "సెంజులట్చుమి" అని పిలుస్తోంది.
నేనే. చెంచులక్ష్మిని.
ఈ సంచి కాస్త చూస్తుండు.
రేపటి నుంచి వదులు నిక్కరు వేసుకురా.
ఆ బిగుతు జీన్సులో మోకాలెట్లా మడుస్తావు?
లేదంటే పోతూ పోతూ దుకాణానికి రా,
కత్తిరించిస్తా,
ఎడమ చేత్తోనైనా.